మోకీలు మార్పిడి తర్వాతి పరీక్షకు వీడియో కాల్ చాలునా? పిల్లవాడి పిండికట్టు సంగతేమిటి?

ప్రశ్న: గోపాలపట్నం వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 69 ఏళ్లు. విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయన కుడికాలికి మోకీలు మార్పిడి శస్త్రచికిత్స చేయించాం. కుట్లు విప్పించుకున్న తరువాత ఆయన అనకాపల్లి జిల్లా మాడుగులలోని సొంత ఇంటికి వెళ్లిపోయారు. నేను ఉద్యోగరీత్యా గోపాలపట్నంలో ఉంటున్నాను. ఆరు వారాలు నిండాక జరగవలసిన పరీక్షకు నేరుగా రావచ్చునని, రాలేకపోతే వీడియో కాల్‌లో చూపించుకోవచ్చునని ఆసుపత్రివారు చెప్పారు. మాడుగుల నుంచి చోడవరం, సబ్బవరం, పెందుర్తి మీదుగా నగరానికి చేరడం, ఓపీలో గంటల తరబడి కూర్చోవడం, మళ్లీ అంత దూరమూ వెనక్కి వెళ్లడం, కాలు ఇంకా పూర్తిగా మడవలేని మనిషికి చిన్న పని కాదు. అందువల్ల వీడియో మాట వినగానే ఇంట్లో అందరూ సంతోషించారు. అయితే కాలిని చేత్తో పట్టుకుని చూడకుండా, ఫోన్ తెర మీద వైద్యుడు ఏం తెలుసుకోగలరన్న సందేహం నన్ను వదలడం లేదు.

ఇదే సమయంలో మరో సమస్య వచ్చింది. చోడవరంలో ఉండే మా చెల్లెలి కొడుకు, 11 ఏళ్లవాడు, సైకిలు మీద నుంచి పడి మణికట్టుకు కాస్త పైన ఎముక విరగ్గొట్టుకున్నాడు. నగరంలోనే మత్తు ఇచ్చి, ఎముకను సరిచేసి, పిండికట్టు వేసి, వారం తరువాత తప్పకుండా తీసుకురమ్మన్నారు. వాడు హుషారుగా ఉన్నాడు, నొప్పి లేదంటున్నాడు. ‘నాన్నగారి అంత పెద్ద ఆపరేషనుకే వీడియో చాలన్నప్పుడు, వీడి చిన్న కట్టుకు మాత్రం ఎందుకు చాలదు అన్నయ్యా?’ అని మా చెల్లెలు అడుగుతోంది. నాకు సమాధానం తెలియలేదు.

ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసి పంపితే వైద్యులకు సరిపోతుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. ఇంకొకటి, నాన్నగారికి నొప్పి తగ్గడానికి ఆసుపత్రిలో ఇచ్చిన ఒక మాత్ర అయిపోతే, వైద్యుడు ఫోన్‌లో మాట్లాడి పంపిన చీటీలో ఆ మాత్ర లేదు. ఫోన్ మీద దానిని రాయడానికి వీలుపడదని మాత్రం అన్నారు. ఇది నిజంగా నియమమేనా? వైద్య రంగంలో ఉన్నవారు వివరిస్తే కృతజ్ఞుడిని.

సమాధానం 1: ఎముకల శస్త్రచికిత్స వైద్యుడు, మహారాణిపేట

మీరు రెండోదిగా రాసిన పిల్లవాడి సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే తొందర ఉన్నది అక్కడే.

విరిగిన ఎముకను మత్తు ఇచ్చి, చేత్తో లాగి సరిచేసి కట్టు వేసినప్పుడు, ఆ ఎముకను సరైన చోట నిలబెట్టేది ఆ కట్టు ఒక్కటే. లోపల ప్లేటు గాని, తీగ గాని ఏదీ లేదు. మొదటి వారంలో వాపు తగ్గుతుంది, వాపు తగ్గిన కొద్దీ కట్టు వదులవుతుంది, కట్టు వదులైతే ఎముక కొసలు మళ్లీ పక్కకు జరిగే అవకాశం ఉంటుంది. ఈ జరగడం పైకి కనబడదు. పిల్లవాడికి నొప్పి పెరగకపోవచ్చు, వేళ్లు చక్కగా ఆడించవచ్చు, వీడియోలో చూసినవారికి అంతా బాగున్నట్టే తోచవచ్చు. అది ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. ఈ కారణంగానే మొదటి వారం చివర ఒకసారి, చాలా సందర్భాల్లో రెండో వారం చివర మరొకసారి ఎక్స్‌రే తీస్తాం. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది. అది వరమే గాని, జరిగిన ఎముక విషయంలో అదే ఇబ్బంది అవుతుంది. రెండు మూడు వారాలు దాటాక చేత్తో మళ్లీ సరిచేయడం చాలా కష్టం. ఎదిగే వయసులో కొంత వంకరను శరీరమే నెమ్మదిగా దిద్దుకుంటుందన్న మాట నిజమే. కాని ఎంత వంకరను అలా వదిలేయవచ్చునన్నది వయసును బట్టి, విరిగిన చోటును బట్టి, వంకర తిరిగిన దిశను బట్టి చికిత్స చేసిన వైద్యుడే తేల్చాలి.

ఎక్స్‌రేను చోడవరంలో తీయించి పంపితే సరిపోదా అని మీ చెల్లెలు తప్పక అడుగుతారు. ఎముక జరిగిందీ లేనిదీ దానితో తెలుస్తుంది. కట్టు వదులైందా, బిగుతుగా ఉందా, అంచులు చర్మాన్ని కోస్తున్నాయా అన్నది చేత్తో చూస్తేనే తెలుస్తుంది. వదులైతే అప్పటికప్పుడు కట్టు మార్చాలి. కనుక మొదటి వారం పరీక్షకు ఎంత కష్టమైనా తీసుకురండి. ఆ ఎక్స్‌రే సంతృప్తికరంగా ఉంటే, రెండోసారి మాత్రం చోడవరంలోనే తీయించి పంపవచ్చునేమో ఆ వైద్యుణ్ణే అడగండి; చాలామంది ఒప్పుకుంటారు.

ఈలోగా ఇంట్లో గమనించవలసినవి ఉన్నాయి. నొప్పి మందు వేసినా తగ్గకుండా పెరుగుతూ పోవడం, ముడుచుకున్న వేళ్లను ఇంకొకరు మెల్లగా చాపినప్పుడు భరించలేనంత నొప్పి రావడం, వేళ్లు నీలంగా గాని పాలిపోయి గాని కనబడటం, తిమ్మిరి ఎక్కడం. వీటిలో ఏది కనబడినా ఫోన్ కాల్ కోసం, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఏ వేళైనా సరే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లి కట్టు చీల్చి వదులు చేయించాలి. కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగిపోయే స్థితి అది. అక్కడ గంటలే లెక్క.

ఇక మీ నాన్నగారి విషయం. ఆపరేషను పెద్దదే, కాని ఆరు వారాల నాటికి మాకు కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం కంటికి కనబడేదే. కోత మానిందా, దాని చుట్టూ ఎరుపు గాని, నీరు కారడం గాని ఉందా, కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా, ఎంతవరకు మడవగలుగుతున్నారు, కర్ర సాయంతో నడుస్తున్నారా లేక దానిని వదిలేశారా, మెట్లు ఎలా ఎక్కుతున్నారు, రాత్రి నిద్ర పడుతోందా. ఇవన్నీ మంచి వెలుతురులో, సరైన కోణంలో ఫోన్ పెట్టి చూపిస్తే ఓపీ గదిలో కంటే తక్కువేమీ తెలియదు. పైగా ఆయన తన ఇంటి గడప ఎలా దాటుతున్నారో, మరుగుదొడ్డిలో ఎలా కూర్చుంటున్నారో మా ఓపీ గదిలో ఎన్నటికీ కనబడదు. మడత ఆరు వారాలకు కూడా 90 డిగ్రీలకు చేరకపోతే మాత్రం నేరుగా రమ్మంటాం. కీలు బిగుసుకుపోతున్నప్పుడు మత్తు ఇచ్చి మడిచే అవసరం వస్తే, అది మొదటి మూడు నెలల లోపల చేస్తేనే ఎక్కువ ఫలితం ఉంటుంది. అందుచేత ఆరు వారాల పరీక్షను మొత్తానికే మానేయడం కంటే వీడియోలోనైనా చేయించుకోవడం మేలు.

ఏ దశలోనైనా వీడియోకు వదలకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుట్టడం, ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, చలిజ్వరంతో పాటు మోకాలు వేడెక్కడం, మానిన కోత మళ్లీ తెరుచుకుని చీము గాని నీరు గాని కారడం. మొదటి మూడూ కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుతోందనడానికి గుర్తులు కావచ్చు, తక్కినవి కీలులో చీము పట్టడానికి గుర్తులు కావచ్చు. చీము పట్టిందన్న అనుమానంతో ఫోన్ మీద యాంటీబయాటిక్ రాయించుకోవడం అన్నింటికంటే ప్రమాదం. కీలు నుంచి నీరు తీసి పరీక్షకు పంపకముందే మాత్రలు మొదలుపెడితే, ఏ క్రిమి వల్ల వచ్చిందో తేల్చుకోవడం కష్టమైపోతుంది.

నియమాల గురించి అడిగారు. మన దేశంలో దూరవైద్య మార్గదర్శకాలు 2020 మార్చి 25న వెలువడ్డాయి. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలకు వాటిని తరువాత అనుబంధంగా చేర్చారు. వాటి ప్రకారం రిజిస్టరైన వైద్యుడు దేశంలో ఎక్కడి రోగికైనా వీడియో, ఆడియో, లిఖిత సందేశం, వీటిలో ఏ పద్ధతిలోనైనా సలహా ఇవ్వవచ్చు. చీటీ మీద వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య, సంతకం ఉండాలి. నేరుగా పరీక్షించిన ఆరు నెలల లోపల, అదే వైద్యుడు, అదే జబ్బుకు చూస్తేనే దానిని తదుపరి సంప్రదింపుగా లెక్కిస్తారు. ఆ గడువు దాటితే మళ్లీ మొదటి సంప్రదింపు కిందికే వస్తుంది, అప్పుడు రాయగల మందుల పరిధి కూడా తగ్గుతుంది.

మీకు దొరకని మాత్ర పేరు మీరు రాయలేదు. అది ట్రామడాల్ అయి ఉండవచ్చునని నా ఊహ. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చే మందులను దూరవైద్యంలో రాయడం పూర్తిగా నిషిద్ధం. ట్రామడాల్‌ను 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. కనుక మీ వైద్యుడు చేసింది నియమబద్ధమే. ఆరు వారాల తరువాత కూడా ఆ మాత్ర లేనిదే గడవడం లేదంటే, చీటీ కంటే ముందు నొప్పికి కారణం వెతకాలి. అది నేరుగా వచ్చి చూపించుకోవలసిన సంగతి.

సమాధానం 2: గాజువాక వాసి

డాక్టరుగారు చెప్పినవన్నీ ఒకసారి చేత్తో చూసి చికిత్స చేసిన రోగులకు వర్తిస్తాయి. ఇప్పుడు ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు, మునుపెన్నడూ చూడని రోగికి కూడా పది నిమిషాల్లో ఎముకల వైద్యుడు దొరుకుతున్నాడు. నా అభ్యంతరం దాని మీద.

మా అత్తగారు 74 ఏళ్ల మనిషి. స్నానాల గదిలో జారి, తరువాత తానే లేచి నడిచారు. రెండు రోజులు మోకాలు నొప్పి అని మూలుగుతుంటే, మా బావమరిది అలాంటి ఒక యాప్‌లో వీడియో సంప్రదింపు తీసుకున్నాడు. మోకాలు చూపించమన్నారు, చూపించాడు. వాపు లేదు, మడత బాగానే ఉంది, అరుగుదల నొప్పి అన్నారు, మాత్రలు, పూత మందు రాశారు. నొప్పి తగ్గక, వారం దాటాక నడవలేని స్థితిలో ఆసుపత్రికి తీసుకువెళితే, విరిగింది మోకాలు కాదు, తుంటి ఎముక మెడ భాగం. విరిగిన కొసలు ఒకదానిలో ఒకటి గుచ్చుకుని ఉండటం వల్ల మొదట్లో నడవగలిగారట, ఆ నడకతోనే అవి జరిగిపోయాయట. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం సాధారణమేనని తరువాత చెప్పారు. మొదటి రోజే ఎవరైనా ఆ తొడను మెల్లగా లోపలికి, బయటికి తిప్పి చూసి ఉంటే ఆవిడ కేక పెట్టేవారు. తెర మీద ఆ పని ఎవరు చేస్తారు? చిన్న స్క్రూలతో పోవలసినది సగం తుంటి మార్చే ఆపరేషను దాకా వెళ్లింది.

కనుక గోపాలపట్నం మిత్రులకు నా మనవి, మీ నాన్నగారికి వీడియో పెట్టించండి, అది వేరు. ఇంట్లో ఎవరైనా పడితే మాత్రం ఫోన్ తీయకండి, ఆటో పిలవండి.

సమాధానం 3: ఎముకల శస్త్రచికిత్స వైద్యుడు, మహారాణిపేట

గాజువాక వారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వయసు మళ్లినవారు పడిన తరువాత తుంటి, తొడ, మోకాలు, ఎక్కడ నొప్పి అన్నా తుంటి ఎక్స్‌రే తీయవలసిందే. వీడియోలో మొదటిసారి చూసే వైద్యుడు ఇవ్వదగిన సరైన సలహా కూడా ‘ఎక్స్‌రే తీయించండి’ అన్నదే. మార్గదర్శకాలు సైతం, నేరుగా పరీక్షించడం అవసరమని తోచినప్పుడు సంప్రదింపును ఆపి రోగిని రమ్మనే బాధ్యతను వైద్యుని మీదే ఉంచాయి.

ఇలాగే వీడియోలో మోసపోయే సందర్భాలు ఇంకా ఉన్నాయి. నడుము నొప్పితో పాటు మూత్రం రాక నిలిచిపోవడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ తగ్గడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే, వెన్నుపాము చివరి నరాలు నలుగుతున్నాయన్నమాట; అది అత్యవసరం. జ్వరంతో కుంటుతున్న పిల్లవాడికి కీలులో చీము ఉండవచ్చు. మోకాలి లోపలి స్నాయువు తెగిందా లేదా అన్నది కాలిని రెండు చేతులతో పట్టి ముందుకు లాగి చూస్తేనే తెలుస్తుంది. పుట్టుకతో పాదం వంకర ఉన్న పసివాళ్లకు వారం వారం కట్టు మార్చే చికిత్స ఉంది, దానికి వీడియో అన్న ఆలోచనే రాకూడదు.

అయితే విదేశాల్లో విరిగిన ఎముకలకు కూడా దూరం నుంచే చూస్తున్నారు కదా అని కొందరు వాదిస్తారు. దానిని సగమే విని వాదిస్తారనిపిస్తుంది. స్కాట్లాండులో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో 2011 నుంచి అలాంటి విధానం నడుస్తోంది. అక్కడ దెబ్బ తగిలిన మనిషిని మొదట అత్యవసర విభాగంలో నేరుగా పరీక్షిస్తారు, ఎక్స్‌రే తీస్తారు, అవసరమైన పట్టీ వేసి ఇంటికి పంపుతారు. ఆ తరువాత ఎముకల నిపుణుడు ఆ రికార్డును, ఎక్స్‌రేను రోగి లేకుండానే చూసి, ఎవరిని పిలవాలో, ఎవరికి ఫోన్‌లో సూచనలు చెబితే చాలో నిర్ణయిస్తాడు. పక్కకు జరగని చిన్న విరుపులు, పాదం వెలుపలి అంచు ఎముక మొదట్లో వచ్చే కొన్ని పగుళ్లు, పిల్లల్లో ఎముక నొక్కుకుపోయినట్టు వచ్చే స్థిరమైన దెబ్బలు, ఇలాంటివారిని మళ్లీ రప్పించరు. తెర వెనుక ఉన్నది రెండో చూపు మాత్రమే, మొదటి చూపు మనిషిదే. మన యాప్‌లు తలకిందులు చేసింది ఈ వరుసనే.

ఎక్స్‌రే ఫొటో గురించి మొదటి సమాధానంలో రాయలేదు. ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలు మాకు రోజూ వస్తుంటాయి. వాటిలో ఎముక కంటే ఫ్యాను రెక్కలే స్పష్టంగా కనబడతాయి. ల్యాప్‌టాప్‌లో ఖాళీ తెల్లటి పేజీ తెరిచి, దాని మీద ఫిల్మును ఆనించి, గదిలో దీపాలు ఆర్పి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను తెరకు సమాంతరంగా పెట్టి తీయండి. ముందు ఫిల్ము మొత్తం, పేరు, తేదీ, కుడి ఎడమ గుర్తు కనబడేలా ఒకటి, తరువాత విరిగిన చోటు దగ్గరగా ఒకటి. ఎదురు నుంచి తీసినదీ, పక్క నుంచి తీసినదీ రెండూ ఉండాలి. ఒక్కటే పంపితే పక్కకు జరిగిన ఎముక కూడా నిటారుగా కనబడవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది గనుక డాక్యుమెంట్‌గా పంపండి. ఎక్స్‌రే కేంద్రం వారు అసలు డిజిటల్ ఫైలు ఇస్తే దానికి మించినది లేదు. ఇంత శ్రద్ధ పెట్టినా, ఫోన్ ఫొటో మీద డిగ్రీలు, మిల్లీమీటర్లు కొలిచి ఆపరేషను నిర్ణయించడానికి నేను ఇష్టపడను.

సమాధానం 4: ఫిజియోథెరపిస్టు, మద్దిలపాలెం

మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి వీడియోలో వ్యాయామాలు చేయించడం నా పనిలో భాగం కనుక ఆ ఒక్క విషయం రాస్తాను. కెనడాలో 205 మంది మోకీలు మార్పిడి రోగులతో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటికి వెళ్లి చేయించిన ఫిజియోథెరపీ కంటే వీడియో ద్వారా చేయించినది తీసిపోలేదని తేలింది. ఆ ఫలితం మా అనుభవానికి దగ్గరగానే ఉంది, కాని అది ఫోన్ ఎవరు పట్టుకున్నారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది.

చాలా ఇళ్లలో ఫోన్‌ను ముఖం ముందు పెడతారు. నాకు కావలసినది మోకాలు. పెద్దాయనను పరుపు మీద గాక గట్టి మంచం మీదో, బల్ల మీదో పడుకోబెట్టి, ఫోన్‌ను మోకాలి ఎత్తులో, సరిగ్గా పక్కన, తుంటి నుంచి మడమ వరకు కనబడేంత దూరంలో నిలబెట్టాలి. కాస్త పైనుంచో, కాళ్ల వైపు నుంచో చూపిస్తే 80 డిగ్రీల మడత 100 డిగ్రీల్లా కనబడుతుంది. కాలు చాపినప్పుడు మోకాలి వెనుక భాగం బల్లకు తాకుతోందా లేదా అన్నది మడత కంటే ముఖ్యం. అక్కడ కాగితం జొప్పించి చూపమంటాను, తేలిగ్గా దూరిపోతే కాలు ఇంకా పూర్తిగా చాపుకోలేదన్నమాట. పంచె మోకాలి పైకి మడిచి, రెండు మోకాళ్లూ పక్కపక్కనే చూపిస్తే వాపు తేడా తెలుస్తుంది. నడక చూపేటప్పుడు వసారాలో ఎదురుగా వచ్చి, వెనుదిరిగి వెళ్లాలి. పక్క నుంచి కూడా ఒకసారి. రాత్రి బల్బు వెలుతురులో కోత ఎర్రగానో, నల్లగానో కనబడి అనవసరంగా భయపెడుతుంది కనుక పగటిపూటే పెట్టుకోండి.

మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే దయచేసి మాన్పించండి. మన పెద్దవాళ్లు అందులో సుఖం వెతుక్కుంటారు, కీలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

కండరాల బలాన్ని మాత్రం వీడియోలో నేను నమ్మకంగా అంచనా కట్టలేను. నా చేతికి ఎదురు నెట్టమని అడగడానికి నా చెయ్యి అక్కడ లేదు కదా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో చూసి కొంత తెలుసుకుంటాను.

సమాధానం 5: ఎంఎల్‌హెచ్‌పీ (గ్రామ కేంద్రంలోని మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త), అల్లూరి సీతారామరాజు జిల్లా

పాడేరు వైపు ఒక గ్రామ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. పైన అందరూ రోగి ఒకవైపు, వైద్యుడు మరొకవైపు అన్నట్టు రాశారు. మా దగ్గర మధ్యలో మేముంటాం. 2019లో మొదలైన ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవనిలో రోగి నేరుగా వైద్యునితో మాట్లాడే దారి ఒకటి ఉంది; మా వంటి కేంద్రానికి రోగి వస్తే, మేము పక్కన కూర్చుని పైనున్న వైద్యునికి చూపించే దారి ఇంకొకటి. ఎముకల విషయంలో నాకు రెండోదే ఉపయోగం అనిపిస్తుంది. ‘అక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఎక్కడ ఎక్కువ నొప్పి’ అని వైద్యుడు అడిగితే నొక్కేది నేను. గోరు నొక్కి వదిలి, రంగు రెండు క్షణాల్లో తిరిగి వచ్చిందా లేదా అని చూసేది నేను. బొటనవేలు పైకెత్తించడం, బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలిపించడం, వేళ్లు వెడల్పుగా విప్పించడం, ఈ మూడింటితో చేతికి వెళ్లే మూడు ప్రధాన నరాలు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. చోడవరంలోని పిల్లవాడి చేత కూడా రోజూ ఇవి చేయించవచ్చు, కట్టు అడ్డం రాదు.

మా ప్రాంతంలో ఇంకో సమస్య ఉంది. కొండ మీది గూడేల్లో ఎముక విరిగితే ముందు నాటు కట్టే. వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించి కడతారు. కట్టేవారి నేర్పును నేను తీసిపారేయను. బిగువు ఎక్కువై వేళ్లు నల్లబడుతున్నప్పుడు గుర్తించకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి చేతిని ఫోన్‌లో చూపించగానే, అవతల వైద్యుడు వెంటనే కట్టు విప్పించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపమన్నారు. మామూలుగా అయితే నా మాట మీద ఆ కట్టు విప్పనిచ్చేవారు కాదు. తెర మీద పెద్ద డాక్టరు చెప్పారు గనుక విప్పనిచ్చారు. డోలీలో రోడ్డుదాకా దింపి పంపాం. దూరవైద్యం ఆ రోజు చేసిన పని చికిత్స కాదు, సరైన సమయానికి కదిలించడం.

సిగ్నల్ సంగతి అందరికీ తెలిసినదే. వీడియో ఆగిపోతే ఫొటోలు పంపి, మామూలు కాల్‌లో మాట్లాడతాం. ఎక్స్‌రే మాత్రం మా దగ్గర లేదు. ఎక్స్‌రే కోసం ఎలాగూ ఘాట్ దిగవలసి వస్తే, వీడియోతో రోగికి మిగిలేది పెద్దగా ఏమీ లేదు.

సమాధానం 6: ఎముకల శస్త్రచికిత్స వైద్యుడు, మహారాణిపేట

పాడేరు నుంచి రాసినవారి చివరి వాక్యం దగ్గరే ఈ వ్యవహారమంతా తేలుతుంది. నార్వే ఉత్తర భాగంలోని ట్రామ్సో విశ్వవిద్యాలయ ఆసుపత్రి వారు, నిపుణుణ్ణి నేరుగా చూసేవారినీ, వీడియోలో చూసేవారినీ పోల్చి జరిపిన అధ్యయనాన్ని 2016లో ప్రచురించారు. వీడియో సంప్రదింపుల నాణ్యత నేరుగా చూసినదానికి తీసిపోలేదన్నారు. ఆ రోగులు తమ ఇంటి సోఫాలో కూర్చుని మాట్లాడినవారు కారు. తమకు దగ్గరలోని ప్రాంతీయ వైద్యకేంద్రానికి వెళ్లారు, అక్కడ నర్సు ఉంది, ఎక్స్‌రే ఉంది. మన మన్యానికీ, మాడుగులకూ కావలసిన నమూనా అదే గాని, ఇంకో యాప్ కాదు. మండల కేంద్రంలో ఒక డిజిటల్ ఎక్స్‌రే, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే, నగరంలోని మా ఓపీలో కూర్చునే తదుపరి పరీక్షల రోగుల్లో ఎందరినో ప్రయాణం నుంచి తప్పించవచ్చు. ఎంఎల్‌హెచ్‌పీలకు ఎముకల పరీక్షలో చిన్న శిక్షణ ఇవ్వడానికి మా వంటి వాళ్లం ముందుకు రావలసిన అవసరం కూడా ఉంది.

ప్రశ్నించినవారి జవాబు: గోపాలపట్నం వాసి

అందరికీ ధన్యవాదాలు. పిల్లవాణ్ణి మా చెల్లెలు నగరానికి తీసుకువచ్చింది. ఎముక కదలలేదు గాని, కట్టు వదులైందని మార్చి వేశారు. రెండో ఎక్స్‌రే చోడవరంలో తీయించి అసలు ఫైలు పంపితే చాలన్నారు. నాన్నగారి మాత్ర మీరు ఊహించినదే. ఇప్పుడు రాత్రిపూట పారాసెటమాల్‌తోనే గడుస్తోంది.

ఇంకొక్క సందేహం మిగిలింది. వీడియో కాల్ సమయానికి నేను గోపాలపట్నంలో ఉంటాను. నాన్నగారికి చెవులు సరిగా వినబడవు. ఆయన లేకుండా నేనే నా ఫోన్ నుంచి మాట్లాడి, ముందే తీసిన వీడియోలు చూపిస్తే ఒప్పుకుంటారా?

సమాధానం 7: ఎముకల శస్త్రచికిత్స వైద్యుడు, మహారాణిపేట

ఆయన పక్కన లేకుండా మీరు మాట్లాడాలంటే, ఆయన తరఫున మాట్లాడటానికి మీకు అధికారం ఇస్తున్నట్టు పత్రమో, ఆయనతో మీ బంధుత్వాన్ని తెలిపే ధ్రువీకరించిన పత్రమో కావాలి, లేదా మునుపు నేరుగా చూపించుకున్నప్పుడు ఆయనే మిమ్మల్ని ధ్రువీకరించి ఉండాలి. మైనరు పిల్లల విషయంలో, జబ్బు వల్ల తమంతట తాము మాట్లాడుకోలేని అశక్తుల విషయంలో ఆ పత్రం అక్కరలేదు. మీ నాన్నగారు ఆ రెండింటిలోకీ రారు. పత్రం రాయించినా, ఆయన లేని సంప్రదింపు వల్ల మీకు దక్కేది తక్కువ, ఎందుకంటే మేము అడిగినప్పుడు అడిగినట్టు కాలు మడవవలసినది ఆయనే.

ఆదివారం మీరు మాడుగుల వెళ్లే రోజునే సమయం పెట్టించుకోండి, లేదా మీ ఊరి ఆరోగ్య కేంద్రంలోని ఎంఎల్‌హెచ్‌పీని ఆ పావుగంట పక్కన కూర్చోమని అడగండి. మూడు ఫొటోలు ముందుగా పంపి ఉంచండి: పగటి వెలుతురులో కోత, పక్క నుంచి పూర్తిగా చాపిన కాలు, పక్క నుంచి మడవగలిగినంత మడిచిన కాలు. ఇప్పుడు వేసుకుంటున్న మందుల స్ట్రిప్పులన్నీ కాల్ సమయానికి దగ్గర ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఎప్పుడు ఆపారో చాలామందికి గుర్తుండదు, మేము మొదట అడిగేది అదే. ఏడాది నిండాక జరిగే పరీక్షకు మాత్రం ఆయన్ను నగరానికే తీసుకురండి, ఆ రోజు నిలబెట్టి తీసే ఎక్స్‌రే కావాలి.